జిల్లా అంటే పక్కటెముక

తెలంగాణలో చాలా ప్రభుత్వ ఆఫీసుల బోర్డుల మీద తెలుగు, ఇంగ్లీషుతో పాటు ఉర్దూ కూడా ఉంటుంది. కలెక్టరేట్ బోర్డు మీద ఆ ఉర్దూ వరసలో మూడక్షరాల మాట ఒకటి కనబడుతుంది: జ్వాద్, లామ్, ఐన్. ఉర్దూవాళ్లు దాన్ని ‘జిలా’ అని చదువుతారు. మన జిల్లా అదే. సరిగ్గా ఆ మూడక్షరాలనే ఒక కాగితం మీద రాసి కైరోలోనో బాగ్దాదులోనో ఎవరికైనా చూపించండి. వాళ్లకు కలెక్టరూ గుర్తుకు రాడు, సరిహద్దులూ గుర్తుకు రావు. పక్కటెముక అంటారు.

అరబ్బీలో ఆ మాట ‘దిల్అ’. గుండె అనే ‘దిల్’ వేరు, అది పార్సీ మాట, దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. దిల్అ అంటే మనిషికైనా గొర్రెకైనా పక్కటెముక. లెక్కల పుస్తకంలో అయితే త్రిభుజానికి ఒక వైపు. కలెక్టరు ఏలే ప్రాంతం అన్న అర్థం దానికి హిందుస్థానంలో వచ్చి చేరింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ఇంకో ప్రశ్న వేస్తారు. “హీబ్రూలో కూడా ఇలాంటి మాటే ఉందిగా, అక్కణ్నుంచి అరబ్బీకి వచ్చిందా?” అని. రాలేదు. ఇక్కడే ఎక్కువమందికి చిక్కు పడుతుంది. రెండు భాషల్లో ఒకే మాట ఉండటానికి ఒక కారణం రక్తసంబంధం, ఇంకో కారణం చేబదులు. మన కన్ను, తమిళం కణ్, కన్నడం కణ్ణు ఒకే తల్లి బిడ్డలు. ఎవరూ ఎవరి దగ్గరా తెచ్చుకోలేదు. నేత్రం మాత్రం సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్నది. అరబ్బీ, హీబ్రూ, అరమాయిక్, బాబిలోను మట్టిపలకల మీది అక్కదియన్ అన్నీ సెమిటిక్ కుటుంబం. వాటి మధ్య ఉన్నది కన్ను-కణ్ సంబంధం. అరబ్బీ నుంచి పార్సీకి, పార్సీ నుంచి ఉర్దూకి, అక్కణ్నుంచి తెలుగుకి వచ్చినది చేబదులు.

పక్కటెముకను హీబ్రూలో ‘సేలా’ అంటారు. ఇప్పటి ఇజ్రాయెల్‌లో అది ‘త్సేలా’ అని వినిపిస్తుంది. అక్కదియన్‌లో ‘సేలు’. అరమాయిక్‌లో ‘ఇల్అ’ లాంటి రూపాలు. బైబిల్లో దానియేలు గ్రంథం ఏడో అధ్యాయం అరమాయిక్‌లోనే ఉంది. అందులో ఒక ఎలుగుబంటి మూడు పక్కటెముకలను నోట కరుచుకుని కనబడుతుంది. అక్కడ వాడిన మాట ‘ఇల్ఇన్’, అంటే పక్కటెముకలు.

మధ్యలో ‘ల’ అన్నిటికీ ఒకటే. చిక్కంతా మొదటి అక్షరంతోనే. ఒకచోట ద, ఒకచోట స, ఇంకోచోట గొంతు లోపల పలికే ఐన్. ఇంత తేడా ఉన్నవి ఒకే మాట ఎలా అవుతాయి? ఇలాంటప్పుడు ఒక్క మాటను పట్టుకుని వేలాడితే ఏమీ తేలదు. ఇంకో నాలుగు మాటలు పక్కన పెట్టుకోవాలి. భూమిని అరబ్బీలో అర్ద్, హీబ్రూలో ఎరెస్, అరమాయిక్‌లో అర్ఆ అంటారు. గుడ్డు అరబ్బీలో బైద్, హీబ్రూలో బేసా, అరమాయిక్‌లో మళ్లీ ద, స రెండూ లేకుండా ఐన్‌తో బీఅతా. గొర్రెల విషయంలోనూ ఇదే వరస. అరబ్బీలో ఈ ప్రత్యేకమైన ద ఎక్కడుంటే అక్కడ హీబ్రూలో స, అరమాయిక్‌లో ఐన్ వస్తున్నాయి. ఒకటి రెండు మాటలైతే కాకతాళీయం అనుకోవచ్చు. వరసగా వస్తుంటే మాత్రం చుట్టరికమే. మాటలు వినడానికి ఒకేలా ఉన్నాయా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. తేడా అయినా సరే, ఒక క్రమంలో ఉందా అన్నదే చూడాలి.

అరమాయిక్‌లో ఈ మార్పు ఒక్కసారిగా జరగలేదు. పాత శాసనాల్లో ఐన్ బదులు క లాంటి అక్షరంతో రాసేవాళ్లు. ఆ మెట్టు తెలిసే చోటు ఒకటుంది. నాకు అది చాలా ఇష్టం. యిర్మీయా గ్రంథం మొత్తం హీబ్రూలో ఉంటే, పదో అధ్యాయం పదకొండో వచనం ఒక్కటే అరమాయిక్‌లో ఉంది. ఆ ఒక్క వచనంలో భూమి అన్న మాట రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ‘అర్కా’, రెండోసారి ‘అర్ఆ’. పాత రూపం, కొత్త రూపం ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి.

ఇంతకీ అసలు ధ్వని ఏమిటి? ఒకసారి ‘ల’ అని పలికి చూడండి. నాలుక కొస పైపళ్ల వెనక ఆనుకుంటుంది, గాలి నాలుకకు అటూ ఇటూ పక్కల నుంచి జారిపోతుంది. అందుకే ఆ ధ్వనిని మన వ్యాకరణాల్లో పార్శ్వికం అన్నారు. మూల సెమిటిక్ ధ్వని కూడా పక్కల నుంచి పలికేదే, కాకపోతే ఒత్తి పట్టి, రాపిడితో. ఎనిమిదో శతాబ్దంలో బస్రాలో ఉండి అరబ్బీకి తొలి పెద్ద వ్యాకరణం రాసిన సీబవైహి ఈ అక్షరం గురించి చెబుతూ, నాలుక అంచుకీ దాని పక్కనున్న దవడపళ్లకీ మధ్య నుంచి పుడుతుందని రాశాడు. ఇప్పటి అరబ్బులు దాన్ని బరువైన ద లాగా పలుకుతారు గానీ, యెమెన్, ఒమన్ ప్రాంతాల్లో మెహ్రీ లాంటి చిన్న భాషలు పక్కల నుంచి పలకడాన్ని ఇంకా కాపాడుకుంటున్నాయి. తమ భాషను అరబ్బులు ‘దాద్ భాష’ అని గర్వంగా చెప్పుకుంటారు. ఆ దాద్ ఇదే, ఉర్దూవాళ్లు జ్వాద్ అనేది. పక్క అనే అర్థమున్న మాట నాలుక పక్క నుంచి పలికే అక్షరంతో మొదలవడం యాదృచ్ఛికమే అయినా, తెలిసిన తర్వాత మరిచిపోవడం కష్టం.

ఆ పక్కపలుకుకి ఇంకో సాక్ష్యం ఐరోపాలో దొరుకుతుంది. అరబ్బులు స్పెయిన్‌ను ఏలిన రోజుల్లో న్యాయాధికారిని ‘అల్ ఖాదీ’ అనేవాళ్లు. స్పానిష్‌లో అదే ‘అల్కాల్దే’ అయింది, ఇప్పుడు మేయర్ అని అర్థం. ఖాదీలో లేని ల అక్కడికి ఎలా వచ్చింది? స్పెయిన్ వాళ్ల చెవికి దాద్‌లో ల వినిపించింది కాబట్టి. ఊరి శివారు ‘రబద్’ కూడా వాళ్ల నోట ‘అర్రబాల్’ అయింది.

మన వైపు కథ వేరు. పార్సీవాళ్లకు దాద్ నోరు తిరగలేదు, జ అన్నారు. ఇంగ్లీషు జీబ్రాలో వినిపించే జ అది. పార్సీ పలుకుబడే ఉర్దూకి వచ్చింది. ఆ మెత్తని జ తెలుగులో లేదు కాబట్టి మనం మామూలు జ చేసుకున్నాం. ఈ మధ్య కొందరు రమదాన్ అంటున్నారు, మనం ఎప్పటినుంచో రంజాన్ అంటున్నాం. ఏది తప్పు, ఏది ఒప్పు అని టెన్షన్ పడాల్సిన పని లేదు. మొదటిది అరబ్బీ దాద్, రెండోది పార్సీ మీదుగా వచ్చిన దాద్.

ఒకసారి ఈ కిటుకు తెలిస్తే కోర్టు ఆవరణ అంతా దాద్‌లతో నిండిపోయినట్టు కనబడుతుంది. హాజరు అరబ్బీలో హాదిర్. అర్జీలో ఉన్నది ఐన్‌తో మొదలయ్యే అర్ద్, అంటే ముందుంచడం. ఇందాకటి భూమి అర్ద్ వేరు. జామీను దామిన్, జప్తు దబ్త్. భూములకు సంబంధించి రోజూ పేపర్లో చూసే కబ్జా అసలు ‘ఖబ్ద’, పిడికిట్లో బిగించి పట్టుకోవడం. హుజూరాబాద్, హుజూర్‌నగర్ పేర్లలో ఉన్న హుజూరు ‘హుదూర్’. రాజీపడటంలోని రాజీ ‘రాదీ’, అంటే ఇష్టపడినవాడు. మూడేళ్ల పిల్లాడు కూడా ఏడుపు ఆపి రాజీకి వస్తాడు కదా, అదే.

ఆ ‘ఇష్టం’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. రాదీకి మూలమైన ‘రిదా’ నుంచి పార్సీ పద్ధతిలో ‘రజాకార్’ వచ్చింది, తన ఇష్టంతో పనిచేసేవాడు, వాలంటీరు. 1947, 48లలో తెలంగాణ పల్లెలు ఆ మాటతో పడ్డ బాధ వల్ల మనకది భయపెట్టే మాటగానే మిగిలింది. అదే రిదా ఓడల మీద తూర్పుకి వెళ్లి మలయా భాషలో ‘రెలా’ అయింది. అక్కడా దాద్‌కి ల వచ్చిందని గమనించండి. మన సంస్కృత సుఖం అక్కడ ‘సుక’. రెండూ కలిసి ‘సుకరెలా’, స్వచ్ఛందంగా అని అర్థం. ఇండోనేషియాలో వరదలొస్తే సాయానికి పరుగెత్తే వాలంటీర్లను సుకరెలావాన్ అంటారు. రజాకార్, సుకరెలావాన్ ఒకే మాట బిడ్డలు. ఒక్క మాట చరిత్రలో ఎవరి చేతిలో పడిందో దాన్ని బట్టి ఇంత దూరం జరిగిపోయింది.

పోలిక చూసి మోసపోయే చోటు కూడా ఒకటి చెప్పాలి. మొఘల్ సీరియళ్లలో చక్రవర్తిని ‘జిల్లే ఇలాహీ’ అని పిలవడం వినే ఉంటారు, దేవుడి నీడ అని. ఆ జిల్‌కీ మన జిల్లాకీ సంబంధం ఉందని అనుకునేవాళ్లున్నారు. లేదు. ఉర్దూలో జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగక్షరాలకు ఒకే జ ధ్వని. అరబ్బీలో అవి నాలుగు వేర్వేరు ధ్వనులు. నీడ జోయ్‌తో రాస్తారు, జిల్లా జ్వాద్‌తో రాస్తారు. హీబ్రూకి వెళ్లినా తేలదు, అక్కడ నీడ ‘సేల్’, పక్కటెముక ‘సేలా’, రెండూ స తోనే. తీర్పు చెప్పేది అరమాయిక్. అక్కడ నీడకు ట లాంటి ధ్వని వస్తుంది, పక్కటెముకకు ఐన్ వస్తుంది. మొదటినుంచీ వేర్వేరు ధ్వనులైతేనే అక్కడ విడివిడిగా మిగులుతాయి. ఒక భాష కలిపేసినదాన్ని చెల్లెలి భాష విడదీసి చూపిస్తుంది.

ఇక అర్థం సంగతి. ఆదికాండంలో దేవుడు ఆదాము నుంచి తీసి స్త్రీని చేసింది ‘సేలా’తోనే. తెలుగు బైబిల్లో ప్రక్కటెముక అని ఉంది, చాలా భాషల్లోనూ అదే. కానీ హీబ్రూ బైబిల్లో మిగతా చోట్ల సేలా ఎక్కువగా ‘పక్క’ అనే అర్థంలోనే వస్తుంది. నిర్గమకాండంలో మందసానికి ఒక పక్క రెండు ఉంగరాలు, ఇంకో పక్క రెండు ఉంగరాలు పెట్టమన్నప్పుడు ఆ పక్క సేలానే. యూదు పండితుల్లో శామ్యూల్ బార్ నహ్మాన్ దీన్ని పట్టుకుని, మొదటి మనిషి రెండు ముఖాలతో పుట్టాడని, దేవుడు వాణ్ని నిలువునా రెండుగా కోశాడని చెప్పాడు. ఎముక అని రాసుందిగా అని అడిగితే, నిర్గమకాండంలో దేవుని గుడారం విషయంలో సేలా అంటే పక్క కదా, ఇక్కడా అంతే అన్నాడు. అంటే స్త్రీ ఒక చిన్న ఎముక ముక్క నుంచి రాలేదు, మనిషిలో సగం నుంచి వచ్చింది. ఒక మాటకు రెండర్థాలు ఉండటం వల్ల ఎంత పెద్ద తేడా వస్తుందో చూడండి. నాకైతే ఈ రెండో చదువే మనసుకి పడుతుంది. స్త్రీ పక్కటెముక నుంచి పుట్టిందన్న మాట ఖురానులో లేదు, ప్రవక్త మాటలుగా చెప్పే హదీసుల్లో ఉంది, అక్కడి మాట దిల్అ.

ఎముక నుంచి పక్క అన్న అర్థం రావడం సెమిటిక్ భాషల సొత్తేమీ కాదు. సంస్కృతంలో ‘పర్శు’ అంటే పక్కటెముక, దాన్నుంచే పార్శ్వం వచ్చింది. తలలో ఒక పక్కే వచ్చే పార్శ్వనొప్పిలో, ఇందాక చెప్పిన పార్శ్వికంలో ఉన్నది ఆ ఎముకే. తెలుగు ఎదురుదారిలో నడిచింది. ముందు పక్క ఉంది, దానికి ఎముక చేర్చి పక్కటెముక అన్నాం.

అరబ్బీలో ఇంకో ముచ్చటైన వాడుక ఉంది. పక్కటెముకలు ఉబ్బేంతగా కడుపునిండా నీళ్లు తాగడానికి ఇదే ధాతువుతో ఒక క్రియ ఉంది. మక్కాలోని జమ్‌జమ్ బావి నీళ్లు అలా తాగాలంటారు. దాన్నుంచే ఒక శాస్త్రం డొక్కనిండా తాగినవాణ్ని, అంటే బాగా చదివినవాణ్ని ‘ముతదల్లిఅ’ అంటారు. మనం డొక్కశుద్ధి ఉన్న పండితుడు అంటాం కదా! డొక్క అంటే మనకూ పక్కటెముకల చోటే. ఎవరి దగ్గరా ఎవరూ తెచ్చుకోకుండానే రెండు భాషలూ చదువును తీసుకెళ్లి ఒకే చోట పెట్టాయి.

బడి లెక్కల్లోనూ ఇదే కనబడుతుంది. సమబాహు త్రిభుజాన్ని అరబ్బీలోనూ హీబ్రూలోనూ ‘సమానమైన పక్కటెముకలున్నది’ అనే అంటారు. ఉర్దూ మీడియంలో చదివే పిల్లలు పొద్దున లెక్కల క్లాసులో త్రిభుజం ‘జిలా’ కొలిచి, మధ్యాహ్నం సాంఘికశాస్త్రంలో తమ ‘జిలా’ పేరు రాస్తారు. మన త్రిభుజానికి మాత్రం భుజాలు, బాహువులు. వాళ్లు ఎముకలు చూసిన చోట మనం చేతులు చూశాం.

ఇప్పుడు ఎముక జిల్లా ఎలా అయిందో తేలికగా తెలుస్తుంది. ఎముక నుంచి పక్క, పక్క నుంచి నేలకు ఒక పక్క. ఈ రెండో మెట్టు హీబ్రూలో ఎప్పుడో ఉంది. బైబిల్లో దావీదు రాజును తిట్టుకుంటూ షిమీ అనేవాడు నడిచిన కొండ పక్క కూడా ‘సేలా’నే. మనం కూడా “మా వైపు”, “గోదావరి సైడు”, “కడప పక్క” అని దిక్కు చెబుతూనే ప్రాంతం చెప్పేస్తాం. దక్కనులో దీనికి ముందు నమూనా ఒకటుంది. తొలి బహమనీ సుల్తానులు రాజ్యాన్ని గుల్బర్గా, దౌలతాబాద్, బేరార్, బీదర్ అని నాలుగు ‘తరఫ్’లుగా విడదీశారు. తర్వాత వాళ్ల మంత్రి మహమూద్ గవాన్ వాటిని ఎనిమిది చేశాడు. తరఫ్ అన్నా అరబ్బీలో అంచు, పక్క. ఆ తరఫ్‌లు పోయాయి గానీ “మా అన్నయ్య తరఫున నేను వచ్చాను” అనడం పోలేదు.

అక్బరు నాటి లెక్కల్లో సుబా, సర్కారు, పరగణా ముఖ్యం. జిల్లా గట్టిగా పాతుకుపోయింది కంపెనీ పాలనలో. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 నిబంధనలతో జిల్లా కోర్టులు వచ్చాయి. కడప, మచిలీపట్నం, రాజమండ్రిలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1852లో కచేరీ వ్యవహారంలో వాడే మాటలతో ఒక నిఘంటువు అచ్చువేసి దానికి పేరే ‘జిల్లా నిఘంటువు’ అని పెట్టాడు. నిజాం వైపు దివాను సాలార్ జంగ్ 1865లో ‘జిలాబందీ’, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడదీయడం, మొదలుపెట్టాడు. అక్కడ కలెక్టరు స్థాయి అధికారి అవ్వల్ తాలూక్‌దార్. ఈలోగా తెలుగు నోట్లో పడి మాట కొంచెం మారింది. అరబ్బీ ఐన్ మనకు పలకదు, అది రాలిపోయింది, ల ఒత్తు పడింది. ఖిల్లా కూడా ఇలాగే మారింది. అరబ్బీ ‘ఖల్అ’లోనూ ల పక్కన ఐన్ ఉండేది.

తాలూక్‌దార్ అన్నాను కాబట్టి ఆ మాటా చూద్దాం. అరబ్బీ ‘తఅల్లుఖ్’ అంటే అంటిపెట్టుకుని ఉండటం, సంబంధం. దాని ధాతువు నుంచే ‘అలఖ్’, జలగ, వచ్చింది. బైబిల్లో సామెతల గ్రంథంలో ఇద్దరు కూతుళ్లున్న జలగ హీబ్రూలో ‘అలూకా’. ఇది కూడా తోబుట్టువుల సంబంధమే. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలాలు వచ్చి తాలూకాలు పోయాయి. కానీ పెళ్లి పందిట్లో కొత్త మొహం కనబడితే “మీరు ఎవరి తాలూకు?” అని ఇప్పటికీ అడుగుతాం. 2024 ఎన్నికల తర్వాత కుర్రాళ్లు బళ్ల మీద ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని రాయించుకున్నప్పుడు వాళ్లు రెవెన్యూ విభాగం గురించి చెప్పలేదు. ఫలానా వారిని అంటిపెట్టుకున్నవాళ్లం అన్నారు. అరబ్బీలో మాట పుట్టినప్పటి అర్థం సరిగ్గా అదే.

జిల్లాల సంఖ్య ఈ మధ్య బాగా పెరిగింది. 2014లో తెలంగాణకు 10 ఉంటే 2016లో 31, 2019లో ములుగు, నారాయణపేటతో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. వాటిలో సముద్రాన్ని ఆనుకుని ఉన్నవాటిని కోస్తా జిల్లాలు అంటాం. ఈ కోస్తా యూరపు నావికులతో వచ్చిన మాట. దాని మూలం లాటిన్ ‘కోస్తా’. సముద్రతీరం అన్న అర్థం తర్వాత వచ్చింది, నేలకు పక్క కాబట్టి. అంతకుముందు రోమన్లు కోస్తా అన్నది ఒంట్లో ఉన్న దాన్ని. లాటిన్ బైబిల్లో దేవుడు ఆదాము నుంచి తీసింది కోస్తానే. అరబ్బీకీ లాటిన్‌కీ చుట్టరికం లేదు, ఈ మాటను ఒకదాని దగ్గర ఒకటి తీసుకోనూ లేదు. వానాకాలంలో టీవీలో “రాగల 24 గంటల్లో కోస్తా జిల్లాల్లో భారీ వర్షాలు” అని చదువుతారే, ఆ పక్కపక్క మాటలు రెండూ పక్కటెముకలే.